అటకెక్కిన కంప్యూటర్‌ను మళ్లీ వెలిగించే ఖిద్మత్: పాత యంత్రాల షౌకీన్లు చేసే మేలు ఏమిటి?

వనస్థలిపురం, హయత్‌నగర్, ఎల్బీనగర్ వైపు కాలనీల్లో చాలా ఇళ్ల సజ్జల మీద ఇప్పటికీ ఒక పాత కంప్యూటర్ కనిపిస్తుంది. పసుపు రంగుకు తిరిగిన సీపీయూ డబ్బా, గుడ్డ కప్పిన బరువైన మానిటర్, పక్కన వైర్ల కట్ట. పిల్లల చదువు కోసం 1990ల చివర్లోనో 2000 తర్వాతనో అప్పో సప్పో చేసి కొన్నది. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్‌కు పోయొచ్చి ఇంట్లో ప్రాక్టీసు చేసింది దాని మీదనే. ఇప్పుడది ఆన్ కాదు. ఇల్లు సర్దిన ప్రతిసారీ "ఇంకెందుకు, కబాడీకి ఇచ్చేద్దాం" అనే మాట వస్తుంది.

తూకానికి వేసే ముందు ఒక్క క్షణం ఆగమని చెప్పేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. పాత కంప్యూటర్లను బాగుచేయడం వాళ్లకు వ్యాపారం కాదు, షౌక్. తమ దగ్గరున్న యంత్రాన్ని బాగుచేసుకుని ఊరుకోరు. మొదటిసారి స్క్రూడ్రైవర్ పట్టుకున్న కొత్తవాళ్లకు కూడా ఓపికగా దారి చూపిస్తారు. జీతం లేదు, ఫీజు లేదు. వాళ్లు చేసే పని ఏమిటి? మన ఇళ్లకు దానితో ఏం అవసరం? వాళ్ల సాయం ఎలా తీసుకోవాలి, ఎక్కడ జాగ్రత్త పడాలి? వివరంగా చూద్దాం.

డబ్బా విలువ కాదు, లోపలి సరుకు విలువ

పాత కంప్యూటర్‌కు బజారులో ధర రాకపోవచ్చు. కానీ దాని హార్డ్ డిస్క్‌లో ఏముందో ఇంట్లోవాళ్లకు కూడా సరిగ్గా గుర్తుండదు. ఆపా నికా ఫొటోలు, ఫోన్లు రాకముందు దిగిన ఈద్ ఫొటోలు, మస్జిద్ కమిటీ లెక్కలు, ఇంటి కాగితాల స్కాన్లు, నానా కూర్చుని టైప్ చేయించుకున్న ఉర్దూ వ్యాసాలు, ఖాందాన్ షజ్రా. కాగితం మీద ఉన్నవి చెదలు తిన్నా, వానకు తడిసినా, ఆ డబ్బాలో ఒక కాపీ మిగిలి ఉండొచ్చు.

హార్డ్ డిస్క్ కూడా శాశ్వతం కాదు. లోపల తిరిగే పళ్లాలు, వాటి మీద వెంట్రుకవాసి ఎత్తులో కదిలే హెడ్ ఉంటాయి. ఏళ్ల తరబడి కదలకుండా పడి ఉంటే మోటారు పట్టేయవచ్చు. ఫ్లాపీలైతే తేమకు బూజు పడతాయి. ఇంట్లో తయారుచేసుకున్న సీడీల పూత కూడా కాలంతో పాడవుతుంది. అంటే ఆలస్యం అయ్యేకొద్దీ బయటికి తీయగలిగే అవకాశం తగ్గుతుంది.

ఉర్దూ, తెలుగు ఫైళ్లకు పడిన తాళం

మన కుటుంబాలకు దీంట్లో ఇంకో చిక్కు ఉంది. అది లిపి చిక్కు.

ఉర్దూ నస్తాలిఖ్‌లో అక్షరాలు ఒకే గీత మీద వరుసగా నిలబడవు. పైనుంచి కిందికి వాలుతూ, పక్క అక్షరాన్ని బట్టి రూపం మార్చుకుంటాయి. అందుకే టైప్‌రైటర్లకు, పాత అచ్చు యంత్రాలకు అది లొంగలేదు. 1980ల దాకా ఉర్దూ పత్రికలను కాతిబ్‌లు చేత్తోనే రాసేవారు. పాకిస్తాన్‌కు చెందిన మీర్జా అహ్మద్ జమీల్ దాదాపు 20 వేల అక్షర కూర్పులను చేత్తో రాసి "నూరీ నస్తాలిఖ్" తయారుచేశారు. 1981లో లాహోర్‌లో "జంగ్" పత్రిక దాన్ని వాడడం మొదలుపెట్టింది. ఆ తర్వాత 1994లో ఢిల్లీకి చెందిన కాన్సెప్ట్ సాఫ్ట్‌వేర్ "ఇన్‌పేజ్" తీసుకొచ్చింది. దాంతో నస్తాలిఖ్ మామూలు కంప్యూటర్లలోకి దిగింది. హైదరాబాద్ ఛత్తా బజార్‌లో షాదీ కార్డుల నుంచి పుస్తకాల దాకా ఉర్దూ పనికి ఇన్‌పేజ్ అలవాటైపోయింది.

చిక్కు ఎక్కడంటే, పాత ఇన్‌పేజ్ అక్షరాలను దాచుకునే పద్ధతి దాని సొంతం. ఇప్పుడు ఫోన్లు, కంప్యూటర్లు అన్నీ వాడే యూనికోడ్ పద్ధతి వేరు. అందుకే పాత ఫైలును కొత్త ల్యాప్‌టాప్‌లో నేరుగా తెరిస్తే పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. తెలుగులోనూ ఇదే బాధ. డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో చేసిన పాత పేజ్‌మేకర్ ఫైళ్లు ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో తెలుగులా కనిపించవు. పోగొట్టుకోలేదు, కానీ చదవలేం. తాళం పడింది, తాళంచెవి పాత యంత్రం దగ్గరే ఉండిపోయింది.

ఈ తాళాలు తీసిన వాళ్లలో కూడా చాలామంది ఉచితంగా పనిచేసినవాళ్లే. పాత తెలుగు ఫాంట్లలోని రాతను యూనికోడ్‌లోకి మార్చే సాధనాలు, ఇన్‌పేజ్ నుంచి యూనికోడ్‌కు మార్చే సాధనాలు ఇలాంటి షౌకీన్ల చేతుల మీదుగా వచ్చాయి. యంత్రం బాగుచేసేవాళ్లు, లిపి మార్చేవాళ్లు కలిస్తేనే నానా రాసిన వ్యాసం మనవడి ఫోన్‌లో తెరుచుకుంటుంది.

హైదరాబాద్‌కు ఈ పని కొత్త కాదు

పాత కంప్యూటర్ అంటే అమెరికాదో, ఇంగ్లండ్‌దో అనుకుంటాం. మన ఊరికి కూడా ఆ చరిత్ర ఉంది. 1967లో హైదరాబాద్‌లో ఈసీఐఎల్ మొదలైంది. దాన్ని నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావు పేరు మీదనే ఏఎస్‌రావునగర్ ఉంది. 1969లో ఈసీఐఎల్ నుంచి టీడీసీ-12 అనే కంప్యూటర్ వచ్చింది. టీడీసీ అంటే ట్రాంబే డిజిటల్ కంప్యూటర్. ముంబైలోని భాభా అణు పరిశోధన కేంద్రంలో రూపం పోసుకుంది. తర్వాత 1970లలో టీడీసీ-312, టీడీసీ-316 వచ్చాయి. ఈసీఐఎల్ చౌరస్తాలో రోజూ బస్సు ఎక్కేవాళ్లలో చాలామందికి ఆ పేరు వెనక కంప్యూటర్ల కథ ఉందని తెలియదు.

ఇంకో ముచ్చట. 1978లో ఐబీఎం కంపెనీ భారతదేశం విడిచి వెళ్లిపోయింది. దేశంలో దాని యంత్రాలు మాత్రం ఇక్కడే పనిచేస్తూ ఉన్నాయి. వాటి మరమ్మతు బాధ్యత 1975లో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ సీఎంసీ తీసుకుంది. తయారుచేసినవాడు లేకపోయినా యంత్రాన్ని నడిపించాలంటే ఏం కావాలో మన ఇంజినీర్లు అలా పనిలో నేర్చుకున్నారు. ఇప్పుడు షౌకీన్లు చేస్తున్నది కూడా అదే. తేడా ఒక్కటే: వాళ్లకు అది ఉద్యోగం, వీళ్లకు ఇష్టం.

పాఠశాలల కథ కూడా ఉంది. 1984లో కేంద్ర ప్రభుత్వం "క్లాస్" పేరుతో బడుల్లో కంప్యూటర్ చదువు మొదలుపెట్టింది. అందుకు ఎంచుకున్నది ఇంగ్లండ్‌కు చెందిన బీబీసీ మైక్రో. దాన్ని తయారుచేసిన ఏకార్న్ కంపెనీలోనే 1985లో మొదటి ఆర్మ్ చిప్ పుట్టింది. ఈరోజు మన చేతుల్లో ఉన్న ఫోన్లు నడిచేది ఆ చిప్ వంశం మీదనే. పాత యంత్రం మూత తీసి చూపిస్తే పిల్లలకు ఫోన్ పుట్టుక అర్థమవుతుందని షౌకీన్లు అనేది అందుకే.

పటాలు కాల్చేసిన యంత్రాన్ని కూడా లేపారు

ఓపిక ఎంత దూరం తీసుకెళ్తుందో చూడాలంటే ఇంగ్లండ్‌లోని కొలోసస్ కథ చాలు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల రహస్య సందేశాలు విప్పడానికి బ్లెచ్లీ పార్క్‌లో వాడిన యంత్రం అది. యుద్ధం తర్వాత రహస్యం కోసం చాలావరకు విరగ్గొట్టారు, పటాలు తగలబెట్టారు. 1993లో టోనీ సేల్ అనే ఇంజినీరు దాన్ని మళ్లీ కట్టడానికి పూనుకున్నారు. చేతిలో ఉన్నవి కొన్ని ఫొటోలు, పాత ఇంజినీర్లు దాచుకున్న కొన్ని సర్క్యూట్ ముక్కలు, వాళ్ల జ్ఞాపకాలు. వలంటీర్ల సాయంతో 2007 నాటికి యంత్రం పూర్తయింది.

అమెరికాలో కాలిఫోర్నియాలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియంలో ఐబీఎం 1401 యంత్రాలు రెండు మళ్లీ నడుస్తున్నాయి. 1959లో వచ్చిన మోడల్ అది. మన రైల్వేలు కూడా ఒకప్పుడు ఆ మోడల్ వాడాయి. వాటిని లేపిన జట్టులో ఎక్కువమంది రిటైరైన ఇంజినీర్లు. జీతం కోసం కాదు, తమకు తెలిసింది తమతోనే పోకూడదని వచ్చి కూర్చున్నారు.

ఈ రెండు కథల్లోనూ ఒకే సంగతి కనిపిస్తుంది. విడిభాగం దొరకకపోతే ఇంకోచోట వెతకొచ్చు, లేకపోతే కొత్తగా చేసుకోవచ్చు. తెలిసిన మనిషి దొరకకపోతే పని ఆగిపోతుంది. అందుకే తెలిసింది పంచిపెట్టేవాడి విలువ విడిభాగం కంటే ఎక్కువ.

సాయం అంటే ఎలా ఉంటుంది?

మెకానిక్ అయితే యంత్రం తీసుకుని, బాగుచేసి, బిల్లు ఇస్తాడు. అది మంచి పనే. షౌకీన్ పద్ధతి వేరు. ముందు ప్రశ్నలు అడుగుతాడు. "ఆన్ చేస్తే ఫ్యాన్ తిరుగుతుందా? బీప్ వస్తుందా? ఎన్నిసార్లు? పొడుగ్గానా, పొట్టిగానా?" బీప్‌ల లెక్కను బట్టి మెమరీలో తప్పుందా, డిస్‌ప్లే కార్డులో తప్పుందా అని పాత కంప్యూటర్ తనే చెబుతుంది. ఆ భాష బోర్డులోని బయాస్ కంపెనీని బట్టి మారుతుంది. అది చదవడం నేర్పిస్తారు.

సాధారణంగా వరుస ఇలా ఉంటుంది.

మొదటిది, ఏళ్ల తర్వాత దించిన యంత్రాన్ని వెంటనే కరెంటుకు పెట్టకూడదు. ప్లగ్ తీసి, మూత విప్పి, మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులపాలి. బల్లి గూడో, ఎలుక కొరికిన వైరో ఉంటే అప్పుడే తెలిసిపోతుంది.

రెండోది, బోర్డు మీద బ్యాటరీ చూడాలి. 2000 ప్రాంతపు కంప్యూటర్లలో రూపాయి బిళ్లలాంటి సీఆర్2032 ఉంటుంది. అది అయిపోతే తేదీ, టైమ్ మారిపోతాయి, ఆన్ అవగానే తప్పు చూపిస్తుంది. కొత్తది వేస్తే చాలు. 386, 486 కాలంనాటి బోర్డుల్లో అయితే గొట్టంలాంటి నికెల్ కాడ్మియం బ్యాటరీ ఉంటుంది. అది కారి, పచ్చగా బోర్డును తినేస్తుంది. కారింది క్షార గుణం ఉన్నది కాబట్టి కొంచెం సిర్కాతో దాన్ని విరగ్గొట్టి, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. వంటింట్లో ఉండే సిర్కా ఇలా బోర్డును కాపాడుతుంది.

మూడోది, కెపాసిటర్లు. 1990ల చివరి నుంచి 2000ల మధ్య దాకా వచ్చిన బోర్డుల్లో చాలావాటికి నాసిరకం కెపాసిటర్లు పడ్డాయి. పైభాగం చదునుగా ఉండాల్సింది ఉబ్బి, కొన్నిసార్లు పగిలి, గోధుమరంగు జిగురు కనిపిస్తుంది. అలాంటివి తీసి అదే విలువ ఉన్న కొత్తవి అతికిస్తే చచ్చిందనుకున్న బోర్డు లేచి కూర్చుంటుంది. కోఠీ గుజరాతీ గల్లీలో ఇలాంటి చిన్న భాగాలు దొరుకుతాయి. పాత కార్డులు, కేబుళ్ల కోసం ఎర్రగడ్డ ఆదివారం సంతలో వెతకొచ్చు. కంప్యూటర్ భాగాలకు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఎలాగూ ఉంది.

నాలుగోది, మెమరీ కార్డు. దాని బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది మళ్లీ గట్టిగా బిగించడం మన రిపేరు షాపుల పాత చిట్కా. చాలా "చనిపోయిన" కంప్యూటర్లు ఇంతమాత్రానికే లేస్తాయి.

చివరిది, అన్నిటికంటే ముఖ్యమైనది: హార్డ్ డిస్క్ చదవగలిగితే, ఏ ఫైలూ ముట్టుకోకుండా ముందు మొత్తం డిస్క్‌కు నకలు తీసుకోవాలి. ఆ తర్వాత పనంతా నకలు మీదనే. డిస్క్‌లోంచి టక్ టక్ అని శబ్దం వస్తుంటే మళ్లీ మళ్లీ ఆన్ చేసి చూడకూడదు. అది డేటా రికవరీ ల్యాబ్ పని.

నిజాయితీ గల షౌకీన్ ఇంకో మాట కూడా చెబుతాడు. ఫొటోలు మాత్రమే కావాలంటే కంప్యూటర్ మొత్తం లేపాల్సిన పని లేదు. పాత డిస్క్‌ను యూఎస్‌బీకి కలిపే చిన్న అడాప్టర్‌తో కొత్త ల్యాప్‌టాప్‌లోనే తీసుకోవచ్చు. పాత సాఫ్ట్‌వేర్ ఆ యంత్రంలో మాత్రమే తెరుచుకునేలా ఉన్నప్పుడు, లేదా పిల్లలకు పని నేర్పాలనుకున్నప్పుడు యంత్రాన్ని బాగుచేయడానికి అర్థం ఉంటుంది.

ఇక్కడ చేయి పెట్టొద్దు

షౌకీన్లు కొత్తవాళ్లకు పదే పదే చెప్పే హెచ్చరికలు రెండు ఉన్నాయి.

పెట్టెలాంటి పాత మానిటర్ మూత విప్పొద్దు. దాని పిక్చర్ ట్యూబ్‌కు 20 వేల వోల్టులకు పైగా వెళ్తుంది. ప్లగ్ పీకేసిన తర్వాత కూడా ఆ చార్జి లోపల మిగిలి ఉండొచ్చు. ట్యూబ్ పగిలితే గాజు ముక్కలు ఎగురుతాయి. ఆ గాజులో సీసం ఉంటుంది.

పవర్ సప్లై డబ్బా కూడా విప్పొద్దు. అందులోని పెద్ద కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండే వీలుంది. అనుమానం ఉంటే డబ్బా మొత్తం మార్చడమే మంచిది. టంకం వేసేటప్పుడు కిటికీ తెరిచి ఉంచాలి, పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. చిన్న పిల్లలు పెద్దలు పక్కన లేకుండా ఈ పని చేయకూడదు.

ఇక బాగు కానిది ఉంటే వీధి చివర కాల్చేవాళ్లకు ఇవ్వొద్దు. వైర్లు కాల్చితే వచ్చే పొగ, బోర్డులకు వాడే ఆమ్లాలు ముందు దెబ్బ తీసేది ఆ పనిచేసే పేద పిల్లలనే. ఈ-వేస్ట్ నియమాలు 2022 కింద రిజిస్టరైన రీసైక్లర్లు ఉన్నారు. వాళ్లకే అప్పగించాలి.

అమానత్ మాట

ఇంటి కంప్యూటర్‌ను బయటివాళ్ల చేతికి ఇవ్వాలంటే ఆడవాళ్లు జంకడం సహజం. అందులో ఇంటి ఫొటోలు ఉంటాయి, డబ్బు లెక్కలు ఉంటాయి, ఎవరికీ చెప్పని ఉత్తరాలు ఉంటాయి. ఈ భయం తప్పు కాదు.

మంచి షౌకీన్లు ఈ విషయంలో చాలా జాగ్రత్తగా ఉంటారు. యంత్రం బాగుచేయడానికి ఇంటి డిస్క్ అవసరం లేదు. దాన్ని తీసి ఇంట్లోనే ఉంచుకోమని, పరీక్షకు తమ దగ్గరున్న ఖాళీ డిస్క్ పెడతామని చెబుతారు. నకలు తీయాల్సి వస్తే ఇంటివాళ్ల ముందే తీస్తారు, ఫైళ్లు తెరిచి చూడరు, తమ దగ్గర కాపీ ఉంచుకోరు. అడిగే హక్కు ఇంటివాళ్లకు ఉంది. ఎవరైనా దీనికి అడ్డం చెబితే ఆ చేతికి ఇవ్వకపోవడమే మేలు. అప్పగించిన వస్తువు అమానత్, అందులోని బొమ్మలూ మాటలూ అంతకంటే పెద్ద అమానత్.

ఈ పని మగపిల్లలదే అనుకోవాల్సిన అవసరం కూడా లేదు. ఇంట్లో కూర్చుని, మల్టీమీటర్ పట్టుకుని, ఫోన్‌లో అడుగుతూ నేర్చుకునే పని ఇది. కుట్టుపని, కోన్ పెట్టడం చేసే చేతికి టంకం వేయడం కష్టమేమీ కాదు. ఇంట్లో ఒక అమ్మాయి నేర్చుకుంటే చుట్టుపక్కల పది ఇళ్ల ఖాలాలు, ఫూఫీలు నిశ్చింతగా తమ కంప్యూటర్ తెస్తారు.

షుక్రియా ఎలా చెప్పాలి?

ఉచితంగా చేసిన పనికి విలువ లేదని అనుకోవడం మన చెడ్డ అలవాటు. ఆ షౌకీన్ ఆఫీసు నుంచి వచ్చి, పిల్లల హోంవర్క్ ముగిశాక, నిద్ర మానుకుని మన బోర్డు ఫొటో చూసి జవాబు రాస్తాడు. పాత మాన్యువళ్లను పేజీ పేజీ స్కాన్ చేసి అందరికీ అందుబాటులో పెట్టినవాళ్ల పేర్లు కూడా మనకు తెలియవు.

చేయగలిగినవి చిన్నవే. విడిభాగాల ఖర్చు మనమే పెట్టుకోవాలి, అడిగించుకోవద్దు. అడిగే ముందు బోర్డు మీది మోడల్ నంబరు, స్పష్టమైన ఫొటో, ఇప్పటిదాకా ఏం చేశామో రాసి పెట్టాలి. "ఇవాళే కావాలి" అని ఒత్తిడి చేయొద్దు. పని అయ్యాక మాయం కావద్దు. ఏం చేస్తే లేచిందో తిరిగి చెప్పాలి. లేవకపోయినా చెప్పాలి. అదే జవాబు రేపు ఇంకొకరికి పనికొస్తుంది. ఇంట్లో మిగిలిన పాత కార్డులు, కేబుళ్లు, మాన్యువళ్లు ఉంటే వాళ్లకు ఇవ్వాలి. మనం నేర్చుకున్నంత మేరకు తర్వాత వచ్చినవాడికి నేర్పాలి.

మనిషి పోయాక కూడా పుణ్యం ఆగనివాటిలో ఇతరులకు పనికొచ్చే ఇల్మ్ ఒకటని దీన్ నేర్పుతుంది. ఇస్రాఫ్ వద్దని కూడా అదే నేర్పుతుంది. పనికొచ్చే వస్తువును చెత్తలో వేయకుండా ఆపి, ఆ విద్యను పదిమందికి పంచేవాడు ఈ రెండూ ఒకేసారి చేస్తున్నాడు. మొహల్లాలో అలాంటి భాయ్ ఎవరైనా ఉంటే, మస్జిద్ కమిటీయో కాలనీ సంఘమో నెలకు ఒక ఆదివారం ఒక టేబుల్, రెండు కుర్చీలు, ఒక ప్లగ్ పాయింట్ ఇచ్చినా చాలు. కాలేజీ పిల్లలకు అది ఒక క్లాస్ అవుతుంది, పెద్దవాళ్లకు పాత ఫైళ్లు చేతికి వస్తాయి.

ఈ వారం చేయగలిగింది ఒకటుంది. సజ్జ మీది డబ్బా దించి, ఆన్ చేయకుండా, మోడల్ నంబరు రాసుకుని, మూత విప్పి బ్యాటరీ కారిందో లేదో చూడండి. దాంట్లో ఏముండొచ్చో ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. ఇన్‌పేజ్‌లో ఏం రాశారో, ఏ ఫోల్డర్‌లో పెట్టారో, పాస్‌వర్డ్ ఏం పెట్టుకున్నారో చెప్పగలిగేది వాళ్లే. కెపాసిటర్ బజారులో దొరుకుతుంది, ఆ జవాబు వాళ్ల దగ్గర మాత్రమే దొరుకుతుంది.